కాస్త సర్దుకోండి!

"ఏం పని చేస్తుండావబ్బయ్యా హైదరాబాదులో?" అని మా ఊళ్లో ఎవరైనా అడిగితే నాకు ఇబ్బందే. 'కంప్యూటర్ పని' అంటే సరిపోతుంది. కానీ మొన్నామధ్య దుత్తలూరు సెంటర్లో టీ తాగుతూ, మా పెదనాయన గుచ్చి గుచ్చి అడిగేసరికి వివరంగా చెప్పబోయాను.

"ఇంటర్నెట్లో పేజీలు కడతాను పెదనాయనా. ఎక్కువగా ఫ్లెక్స్ మీద పని."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఫ్లెక్సీలా! మరి ఇన్నాళ్లూ చెప్పవేందిరా? మా మనవడి పుట్టినరోజు వస్తా ఉండాది. పన్నెండడుగులది ఒకటి కొట్టించకరా. బస్టాండు కాడ కడదాం."

టీ కొట్టు దగ్గరున్న నలుగురూ అవునంటే అవునన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. కానీ బస్సెక్కాక ఆలోచిస్తే పెదనాయన మాటలో తప్పేమీ లేదనిపించింది. నేను చాలా ఏళ్లపాటు కట్టింది నిజంగా ఫ్లెక్సీలే. ఒకసారి కొలత పెట్టి ముద్రిస్తే ఇక మారనివి. వాటిలో ఒకటి మా నాయన్ని ఏడు నెలలు పేపరుకు దూరం చేసింది.

2003లో డిగ్రీ అయ్యాక, అందరిలాగే ఓ సూట్‌కేసుతో అమీర్‌పేటలో దిగాను. జావా నేర్చుకునేంత ఫీజు నా దగ్గర లేదు. అందుకని వెబ్ డిజైనింగ్‌లో చేరాను. అప్పట్లో వెబ్‌పేజీ కట్టడమంటే గళ్లు గీయడమే. లెక్కల పట్టికల కోసం పుట్టిన టేబుల్‌ని తెచ్చి, పేజీనంతా అందులో ఇరికించేవాళ్లం. ఎడమ గడిలో మెనూ, నడిమి గడిలో విషయం, కుడి గడిలో ప్రకటన. రెండు గళ్ల మధ్య ఖాళీ కావాలంటే కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మను పెట్టి, దాన్ని సాగదీసేవాళ్లం. ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు.

నిజానికి పేజీలో విషయం వేరు, దాని అలంకరణ వేరు అని హోకోన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన 1994లోనే ప్రతిపాదించాడు. అదే సీఎస్ఎస్. 1996 డిసెంబర్లో దానికి అధికారిక ముద్ర పడింది. కానీ ఒక్కో బ్రౌజరు దాన్ని ఒక్కో తీరుగా అర్థం చేసుకోవడంతో మాలాంటివాళ్లు చాలాకాలం గళ్లనే నమ్ముకున్నాం. తర్వాత 'ఫ్లోట్' వచ్చింది. బొమ్మ పక్కన అక్షరాలు పారడానికి పెట్టిన సదుపాయమది. దాంతో ఏకంగా పేజీలే కట్టాం. ఒక పెట్టె కాస్త పొడవు పెరిగితే పక్క పెట్టె కిందికి జారిపోయేది. పెట్టె నడిమధ్యలో ఒక్క మాటను నిలబెట్టడానికి పూట గడిచిపోయేది.

ఇన్ని తంటాల్లోనూ మాకొక ధీమా ఉండేది. చూసేవాడి తెర ఎంతుంటుందో మాకు తెలుసు. మొదట 800 పిక్సెళ్లు, ఆ తర్వాత 1024. దానికి తగ్గట్టు 960 అని కొలత పెట్టుకుని హాయిగా కట్టుకునేవాళ్లం. అదే మా పన్నెండడుగుల ఫ్లెక్సీ.

ఇంతలో ఫోన్లు వచ్చాయి. 2010 మేలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ఒక వ్యాసం రాశాడు. ఫోనుకో పేజీ, కంప్యూటర్‌కో పేజీ ఎందుకు, చూసే తెరను బట్టి ఒకే పేజీ తన ఆకారం మార్చుకోవాలి అన్నాడు. దానికి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టాడు. అది చదివాను, బాగుందనుకున్నాను. మళ్లీ 960లోనే పని చేసుకున్నాను. చేతికి అలవాటైన కొలత అంత తొందరగా పోదు.

2012లో ఒక కళ్లాసుపత్రికి అపాయింట్‌మెంట్ పేజీ కట్టాను. ఆసుపత్రి పేరు అనవసరం. తప్పు వాళ్లది కాదు, నాది. పక్కపక్కన రెండు పెట్టెలు. ఎడమ పెట్టెలో డాక్టరు, తేదీ, రోగి పేరు, ఫోన్ నంబరు. కుడి పెట్టెలో ఆ వివరాలన్నీ ఒకసారి చూపించి, కింద 'కన్ఫర్మ్' అనే బొత్తాం. తేదీ మీద నొక్కితే అది పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చరంగు చూసి నాకు నేనే మురిసిపోయాను.

రెండు మూడేళ్లకు వాళ్లు ఫోన్ చేశారు. "సెల్‌ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయట, చూడండి" అన్నారు. నిజమే. ఫోను ఆ పెద్ద పేజీనంతా కుదించి చూపిస్తోంది. 'ఈ పేజీ వెడల్పు ఫోను వెడల్పంతే' అని చెప్పే ఒక వరుస చేర్చాను. అక్షరాలు పెద్దవయ్యాయి. కానీ పెట్టెల కొలతలు పాతవే. ఎడమ పెట్టె 340 పిక్సెళ్లు, కుడిది 300. ఫోను తెరేమో 360. కుడి పెట్టె తెర బయటికి పోయింది. పేజీ పక్కకు జరుగుతుంటే చూడ్డానికి అసహ్యంగా ఉందని, బయటికి పోయినదాన్ని దాచేయమని ఇంకో వరుస రాశాను. తెర శుభ్రంగా కనిపించింది. డబ్బులు తీసుకున్నాను.

దాచేసిన దాంట్లో కన్ఫర్మ్ బొత్తాం కూడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

మా నాయన ఐదో తరగతి వరకే చదివినా, పేపరు మాత్రం ఒక్కరోజు వదిలేవాడు కాదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. వినడానికి నలుగురైదుగురు చేరేవాళ్లు. వానల సంగతి, సోమశిల నీళ్ల సంగతి, బత్తాయి ధరల సంగతి ఆయన గొంతులోనే మా వీధికి తెలిసేవి. 2017 ఎండాకాలం నాటికి ఆయన కంట్లో శుక్లం ముదిరింది. జూన్‌లో నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లు అయ్యాక చూపించుకుందామనుకున్నాడు. నాకు చెబితే సెలవు పెట్టుకుని రావాల్సి వస్తుందని చెప్పలేదు. అప్పటికే ఇంటింటికీ ఇంటర్నెట్ ఫోన్లు వచ్చేశాయి. పక్కింటి పిల్లాడి చేత ఆ ఆసుపత్రి పేజీ తెరిపించాడు. అది నేను కట్టిన పేజీ అని ఆయనకు తెలుసు. అందుకే ఆ ఆసుపత్రిని ఎంచుకున్నాడు.

తేదీ నొక్కారు. పచ్చగా వెలిగింది. పని అయిపోయిందనుకున్నారు.

ఆరోజు తెల్లవారుజామునే లేచి, రెండు బస్సులు మారి వెళ్లాడు. కౌంటర్లో పేరు లేదన్నారు. "మా అబ్బయ్య కట్టిందే ఆ పేజీ, పేరుంటాది చూడండమ్మా" అన్నాడట. వాళ్లు మళ్లీ చూశారు. లేదు. డాక్టరు దగ్గర ఆ రోజంతా నిండిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, "వాడికి చెప్పబాక. బాధపడతాడు" అని అమ్మ దగ్గర మాట తీసుకున్నాడు. మళ్లీ వెళ్లలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే అరుగు మీద పేపరు మడత విప్పకుండా ఉంది. "నాయన పేపరు చదవడంలా?" అంటే అమ్మ వంటింట్లోకి పిలిచి మొత్తం చెప్పింది. నేను నాయన ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లి ఆ పేజీ తెరిచాను. పక్కకు జరిపాను. జరగదు. జరగకుండా చేసింది నేనే కదా.

ఆ పండగ మూడు రోజులూ నేను పతంగులు ఎగరేయలేదు. ఫ్లెక్స్‌బాక్స్ నేర్చుకున్నాను.

అప్పటికది కొత్తదేమీ కాదు. 2009లోనే తొలి ముసాయిదా వచ్చింది. కానీ దాని పేర్లు, పద్ధతులు రెండుసార్లు మారాయి. ఒక బ్రౌజరుకు పాత మాట, ఇంకోదానికి కొత్త మాట రాయాల్సి వచ్చేది. 2012కి ఓ రూపానికి వచ్చింది. ఆ గందరగోళాన్ని సాకుగా చూపించి నేను దాని జోలికి పోలేదు. తీరా కూర్చుంటే, ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ తెలిసిందే అనిపించింది.

పెళ్లి బంతి గుర్తు చేసుకోండి. పందిరి వెడల్పు ఎంతుందో అంతవరకు వరుసగా విస్తళ్లు వేస్తారు. చోటు అయిపోతే మిగిలినవాళ్లకు వెనక ఇంకో వరుస వేస్తారు. పందిరి దాటి రోడ్డు మీద ఎవరూ కూర్చోరు. ఫ్లెక్స్‌బాక్స్‌లో పందిరి ఒక పెద్ద పెట్టె, విస్తళ్లు అందులోని చిన్న పెట్టెలు. 'వ్రాప్' అని ఒక్క మాట రాస్తే చాలు, పట్టనివి రెండో బంతికి వెళతాయి. కంప్యూటర్ తెర మీద ఒకే వరుసలో ఉన్న రెండు పెట్టెలు, ఫోను మీద ఒకదాని కింద ఒకటి కూర్చుంటాయి.

చోటు మిగిలితే? పంచుకోవడమే. 600 పిక్సెళ్ల పందిట్లో వందేసి చొప్పున మూడు పెట్టెలున్నాయనుకోండి. 300 మిగిలింది. 'గ్రో' అనే లెక్కలో మొదటి రెండింటికి ఒక్కో వాటా, మూడోదానికి రెండు వాటాలు రాశామనుకోండి. మొత్తం నాలుగు వాటాలు. వాటా 75. మొదటి రెండూ 175 చొప్పున, మూడోది 250 అవుతాయి. అన్నదమ్ముల పొలం పంపకం లాగా పైసా తేడా రాదు.

చోటు చాలకపోతే? అది ఉదయగిరి బస్సు. తిరునాళ్ల రోజుల్లో ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు కూర్చోవాలి. "కాస్త సర్దుకోండమ్మా" అంటాడు కండక్టరు. అందరూ తలా కొంచెం ఒళ్లు దగ్గరికి తీసుకుంటారు. ఇది 'ష్రింక్'. ఒడిలో పసిబిడ్డ ఉన్న తల్లిని మాత్రం ఎవరూ జరగమనరు. ఆమె దగ్గర సున్నా రాస్తాం. మిగతావాళ్లే సర్దుకుంటారు.

ఇంత చేసినా ఒక బొత్తాం మొండికేసింది. కిందటిసారి 'కన్ఫర్మ్' అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఈసారి తెలుగు చేశాను. 'నిర్ధారించుకోండి' అని. ఆ పెట్టె తెరలో ఇమడలేదు. కారణం వెతికితే తెలిసింది. ఫ్లెక్స్‌బాక్స్‌లో పెట్టె ఎంత కుంచించుకున్నా, మనం వేరే చెప్పకపోతే, తనలోని అతి పొడుగు మాట కంటే చిన్నది కాదు. ఇంగ్లీషు మాటలు చిన్నవి. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని గూడ్సు బండిలా సాగుతాయి. పైగా బొత్తాం ఎత్తును నేను బిగించి పెట్టడంతో అక్షరాల కింద ఒత్తులు తెగిపోతున్నాయి. 'డాక్టర్'లో ట వత్తు సగమే కనపడుతోంది. ఎత్తును వదిలేశాను. మాట మార్చాను. 'సరే' అని పెట్టాను. మా నాయన ఏ పనికైనా అనే మాట అదే.

పండగ అయిన పదో రోజున నాయనకు ఫోన్ చేసి, "పేజీ మళ్లీ కట్టినా. నువ్వే చూడు నాయనా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. అమ్మ చెప్పేసిందని ఆయనకు అర్థమై ఉంటుంది. "పిల్లాణ్ణి పిలుస్తా ఉండు" అన్నాడు. కాసేపటికి, "పచ్చగా అయినాది" అన్నాడు.

"అది కాదు నాయనా. కింద ఏముంది?"

"సరే అని ఉండాది."

"అది నొక్కు. ఇప్పుడేమొచ్చింది?"

పిల్లాడు చదువుతున్నాడు. 'మీ పేరు నమోదైంది'. దాని కింద మా నాయన పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన ఆ పిల్లాడి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆ ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. ఈసారి నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. కట్టు విప్పిన కొన్నాళ్లకు కొత్త కళ్లజోడు వచ్చింది. అరుగు మీద పేపరు చదవడం మళ్లీ మొదలైంది. కానీ ఆ ఏడు నెలల్లో వినేవాళ్లలో ఒకాయన కాలం చేశాడు. ఆయన కూర్చునే స్తంభం వైపు చూస్తూ నాయన కాసేపు ఆగి చదువుతాడు. దాన్ని సర్దే లెక్క నా దగ్గర లేదు.

నాయనకు కొత్త ఫోను కొనిచ్చి, గాజు పగిలిన ఆ పాత ఫోను నేను తెచ్చుకున్నాను. అది నా ఆఫీసు సొరుగులో ఉంది. 2017లోనే 'గ్రిడ్' అని అడ్డం, నిలువు రెండూ కలిపి చూసుకునే పద్ధతి కూడా బ్రౌజర్లలోకి వచ్చింది. పేజీ మొత్తానికి గ్రిడ్, వరుసలకు ఫ్లెక్స్ వాడుతున్నాను. ఏది వాడినా, పేజీ అయ్యాక ముందు ఆ ఫోన్లో తెరుస్తాను. బొత్తాం కనపడితేనే మిగతా పని.

ఇక పెదనాయన సంగతి. మాట పడనివ్వడం ఎందుకని హైదరాబాదులో పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించి తీసుకెళ్లాను. తీరా బస్టాండు దగ్గర రెండు స్తంభాల మధ్య తొమ్మిదడుగులే ఉంది. మడిచి కట్టారు. పుట్టినరోజు పిల్లాడి ముఖం సగం మడతలోకి పోయింది.

పెదనాయన నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు. "ఏందిరా, నీ పని ఇట్టనే ఉంటాదా?" అన్నాడు.

"ఇంతకుముందు ఇట్టనే ఉండేది పెదనాయనా" అన్నాను.