బీప్‌మన్నది ఏ చక్రం?

జనగామలో పొద్దున్నే బయల్దేరే ముందు వెనక టైరులో 32, ముందు టైరులో 28 పీఎస్‌ఐ గాలి కొట్టించాను. నా బుల్లెట్‌కు స్పోకు చక్రాలు తీయించి అల్లాయ్‌లు, ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాను. కంపెనీ ఇవ్వని టీపీఎంఎస్, అంటే టైర్లలో గాలి ఒత్తిడి చూపే పరికరం కూడా బయట కొని బిగించాను. వాల్వు మూతల స్థానంలో చిన్న సెన్సార్లు కూర్చుంటాయి. అవి రేడియోలో పంపే అంకెలు హ్యాండిల్ మీది బుల్లి తెరపై కనిపిస్తాయి. మనం పెట్టిన హద్దు దాటితే బీప్ మోగుతుంది.

పాలకుర్తి, తొర్రూరు దాటి మహబూబాబాద్ చేరేసరికి మే నెల ఎండ నడినెత్తికొచ్చింది. ఊళ్లోకి అడుగుపెట్టగానే బీప్. వెనక టైరు 36 దాటింది. పంక్చర్ షాపు నీడలో ఆపి, "నాలుగు పాయింట్లు తీస్తవా అన్నా?" అన్నాను. ఆయన గేజీ ముట్టకుండానే, "ముంగటిది ఎంతుంది?" అని అడిగాడు. 32.

"రెండూ ఒక్కతీరు పెరిగినయ్. ఎండకు గాలి ఉబ్బింది. ఇప్పుడు తీస్తే పొద్దుగాల తక్కువైతది" అన్నాడు.

లెక్క కూడా ఆయన వైపే ఉంది. 30 డిగ్రీల దగ్గర 32 కొట్టిన గాలి, టైరు లోపల 60 డిగ్రీలకు చేరితే 36 దాటుతుంది. కంపెనీలు చెప్పే ఒత్తిడి చల్లటి టైరుకే వర్తిస్తుంది. తప్పు టైరుది కాదు, హద్దుది. దాన్ని 40కి పెంచి, ఎండ తగ్గేదాకా మహబూబాబాద్‌లోనే ఆగాను.

గూడూరు దాటి నర్సంపేట వైపు పోతుంటే చీకటి పడింది. అదనంగా వేయించిన ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు వేశాను. కాసేపటికి వెనక చక్రం అంకె పోయి గీతలు మిగిలాయి. దిగి చూస్తే టైరు గట్టిగానే ఉంది. లైట్లు ఆర్పి కొంతదూరం నడిపితే అంకె తిరిగొచ్చింది, వేస్తే మళ్లీ పోయింది. నాసిరకం ఎల్‌ఈడీ సర్క్యూట్లు రేడియో రొద పుట్టిస్తాయి. దూరంగా ఉన్న సెన్సారు బలహీన సంకేతం అందులో మునిగిపోతుంది. తెరను లైట్ల తీగలకు ఎడంగా జరిపి కట్టాక రాత్రంతా అంకె నిలిచింది.

మల్లంపల్లి, ఘనపురం మీదుగా భూపాలపల్లి చేరి పడుకున్నాను. తెల్లారి సింగరేణి బొగ్గు లారీల రొదకు లేచి తెర చూస్తే ముందు 28, వెనక 27. ఈసారి రెండూ కలిసి కదల్లేదు. ఒక్కటే దిగింది. టైరంతా వెతికినా మేకు లేదు. సబ్బునీళ్లు పోస్తే వాల్వు మొదట్లో బుడగలు. అది రబ్బరు వాల్వు. చక్రం తిరిగే వేగానికి సెన్సారు బరువు దాన్ని బయటికి లాగుతుంది, గతుకులు ఊపుతాయి, రబ్బరు మొదట్లో చీలుతుంది. గాలి కాపలాకు పెట్టిన పరికరమే గాలి పోయే దారి చేసింది. పంక్చర్ షాపులో టైరు అంచు విప్పించి, నట్టుతో బిగించే లోహపు వాల్వు వేయించాను.

ఇప్పుడు బీప్ మోగితే ముందు రెండో చక్రం అంకె చూస్తాను. రెండూ పెరిగితే ప్రయాణం సాగుతుంది. ఒక్కటే తగ్గితే బండి పక్కకు ఆగుతుంది.