అవ్వ కనుబొమ మీద మచ్చ

ఎర్రగుంట్ల దగ్గర చిలమకూరు మా అవ్వ ఊరు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరంటే కడప జిల్లాలో చాలామందికి తెలుస్తుంది. జర్నలిజం డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అవ్వ గురించి ఓ వ్యాసం రాశాను. నాపరాళ్లు పరిచిన వసారాలో కూర్చుని రెండు పూటలు తన కథంతా చెప్పింది. ఎడమ కనుబొమ మీద మచ్చ సంగతీ దాచలేదు. 'సంగటి ఆలీశెమైందని మీ తాత కట్టెతో కొట్టినాడు' అంది, చాలా మామూలుగా.

నేను మాత్రం 'బావి దగ్గర జారిపడితే తగిలిన దెబ్బ' అని రాశాను. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కదా, తాత పరువేం కావాలి అనుకున్నాను. అచ్చయ్యాక అవ్వకు చదివి వినిపించాను. అంతా విని, 'బాగుంది గానీ, నేను చెప్పిన మాట యాడబోయిందే?' అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈమధ్య సాదత్ హసన్ మంటో వ్యాసాలు చదువుతుంటే ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. ఈ ఉర్దూ కథకుడి మీద అశ్లీలం పేరుతో ఆరు కేసులు నడిచాయి. దేశవిభజనకు ముందు మూడు, పాకిస్థాన్ వెళ్లాక మూడు. లోకంలో ఉన్నదాన్నే చూపించాను, నేను పుట్టించింది కాదన్నది ఆయన వాదన.

మంటో పుట్టింది 1912లో. అంతకు రెండేళ్ల ముందే, ఒక తెలుగు పుస్తకం కోసం ఒక మహిళ గట్టిగా నిలబడింది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. పేరున్న గాయని, దేవదాసి కుటుంబంలో పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' ఆమెకు ప్రాణం. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని భాగాలు లేవు. పాత ప్రతి సంపాదించి, ఏదీ వదలకుండా 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించింది.

కందుకూరి వీరేశలింగం అంతటివారు ఆ కావ్యాన్ని అప్పటికే తప్పుపట్టారు. అయినా ఆమె జంకలేదు. సిగ్గన్నది ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. మగవాళ్లు రాస్తే శృంగారం, ఆడది రాస్తే బూతా అన్నది ఆమె ప్రశ్నలోని సారం.

బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, ప్రతులను స్వాధీనం చేసుకుంది. చివరికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కాలంలో నిషేధం తొలగింది. 1952లో పుస్తకం మళ్లీ అచ్చయింది. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

ఆమె మాటకు అడ్డుపడటానికి ఒక ప్రభుత్వం కావాల్సి వచ్చింది. మా అవ్వ మాటకు ఎవరూ అక్కర్లేకపోయింది. ఎడిటర్ గారు వద్దనలేదు, పోలీసులు రాలేదు. నేనే కొట్టేశాను. అదీ మంచిపని చేస్తున్నాననుకుంటూ!

అవ్వ ఇప్పుడు లేదు. అప్పుడు ఎగరగొట్టిన మాటను ఇప్పుడైనా రాయాలనుకున్నాను. అయితే తాత మా అమ్మకు నాన్న. రాసేముందు ఆమెకు చెప్పకుండా ఎలా? భయపడుతూనే ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

తర్వాత మెల్లగా అంది... 'అది తుమ్మకట్టె. అదీ రాయి.'