పందెమునకు ముందు మనస్సు

శరీరమునకు సాధన నేర్పుట కష్టమని లోకులందురు. మనస్సునకు నేర్పుట అంతకంటెను కష్టమని మాకు తోచుచున్నది. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని ఎడము లేక ఒకదానివెంట నొకటి ముగింపవలసిన ట్రయాథ్లాను పందెములలో చిన్నదానికి మేము సిద్ధపడుచున్నాము. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు, ఇదియే దాని కొలత. బహుమానములపై మాకాశ లేదు. ఇల్లు దిద్దుకొనుచు, తెల్లవారుజామున చిక్కిన గంటలో సాధనచేయు గృహిణులము.

ఈ పందెము స్త్రీలకు పరాయిది గాదు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో ట్రయాథ్లాను మొదటిసారి చేరినప్పుడు, ముందు జరిగినది స్త్రీల పందెమే. స్విట్జర్లాండు వనిత బ్రిజిట్ మెక్‌మాన్ గెలిచెను. ఆ క్రీడలందే మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యపతకము గొని, ఒలింపిక్ పతకమందిన ప్రథమ భారతీయ వనిత యయ్యెను.

సైకిలును, పరుగును మాకు జంకు పుట్టింపవు. పినపాక అడవిదారుల నడచువారికి దూరమన్న బెదురుండదు. భయమంతయు నీటియందే. మా మండలము నొరసికొని పారు గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును పెరిగినది. అట్టి నదిని చూచినవారికి నీటియెడ భక్తియు భయమును గూడ నుండును. పట్టణపు కొలనులో ఈత నేర్చితిమి. కాని అడుగు కానరాని చెరువులో, పదిమంది కాళ్లు చేతులు తగులుచుండగా ఈదుట వేరు.

కావున మనస్సును సిద్ధపరచు పనికి పూనుకొంటిమి. మొదటిది, భయమెట్లు పనిచేయునో తెలిసికొనుట. గుండె వడిగా కొట్టుకొనును. ఊపిరి పైపైన ఆడును. గాలి పీల్చుకొను తొందరలో మనిషి దానిని విడుచుట మఱచును. అందుచే ఊపిరాడనట్లు తోచును. దీనికి మందు సులభము: నీటిలో ముఖముంచి, నెమ్మదిగా, పూర్తిగా ఊపిరి విడుచుట. రాత్రి పరుండబోవుముందు కన్నులు మూసికొని ఆ ఈతనంతయు మనస్సులోనే ఈదుచున్నాము. అన్నియు సవ్యముగా జరిగినట్లే గాక, కంటియద్దములు జారినట్లును, ఎవరిదో కాలు తగిలినట్లును ఊహింతుము. అప్పుడు వెల్లకిల తిరిగి, పది ఊపిరులు లెక్కించి, మరల సాగుదుము.

రెండవది, నియమములు తెలిసికొనుట. అలసినచో నిలిచియున్న రక్షకపడవను పట్టుకొని సేదదీరవచ్చును. దాని సాయమున ముందుకు సాగనంతవఱకు తప్పు లేదు. ఈ యొక్క మాట మా గుండెబరువును సగము దించినది.

మూడవది, వంటయింటి విద్యయే. విందునాడు పొయ్యి వెలిగించుటకు ముందే పోపుసామాను చేతికందునట్లు అమర్చుకొందుము గదా! నీటినుండి వచ్చి సైకిలెక్కు చోటను అట్లే హెల్మెట్టు, బూట్లు, నీళ్లసీసా వరుసగా నుండవలెను. హెల్మెట్టు పట్టీ బిగింపనిదే సైకిలును తాకరాదు. సైకిలు దిగి పరుగెత్తునప్పుడు కాళ్లు దుంగలవలె బరువెక్కును. కొంతసేపటికి అదియే సర్దుకొనునని ముందెఱిగిన మనస్సు బెదరదు.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె, “పోయి రామ్మా, కాని నీళ్లతో పంతము వద్దు” అనిరి. ఆ మాటను మేము నాలుగవ నియమముగా చేకొంటిమి. రొమ్మునొప్పి, తలతిరుగుడు, ఎంత నెమ్మదిగా ఊపిరి విడిచినను తగ్గని ఆయాసము, వీనిలో ఏది కలిగినను చేయెత్తి రక్షకులను పిలుతుము. పందెపువేళ అభిమానము గట్టిగా మాటలాడును గనుక, వివేకము ముందుగానే మాటలాడి యుండవలెను.

సోదరీమణులారా, పరీక్షయైనను, మొదటి కాన్పైనను, పదిమందిలో పాట పాడుటయైనను, భయము రాక మానదు. భయమే లేకుండవలెనని కోరినచో అది రెట్టింపగును. జరుగనున్నది తెలిసికొని, వలసినవి అమర్చుకొని, ఆగవలసిన చోటు నిర్ణయించుకొన్నచో, భయముతోడనే పని నెఱవేరును.

పందెమింకను పదునాలుగు దినములున్నది. ఈ రాత్రియు కన్నులు మూసికొని ఒకసారి ఈదవలసియున్నది.