మూడు కాళ్ల లెక్క

కూడబెట్టిందంతా కెమెరాకు పోశాక ట్రైపాడ్‌కు నా దగ్గర మిగిలింది నాలుగు వేల రూపాయలు. వాయిదా వేసే వీల్లేదు. నేను వెళ్లే గ్రామసభలు తరచూ చీకటి పడ్డాకే సాగుతాయి. గుడ్డి బల్బు కింద షట్టర్ అర సెకనైనా తెరిచి ఉంచాలి. చేత్తో పట్టుకుంటే బొమ్మంతా చెదురుతుంది. ట్రైపాడ్ ఉన్నా కదిలే మనుషులు మసకగానే వస్తారు. కానీ వారి వెనుక గోడ మీద రాసిన పనులు, ఖర్చుల అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. వివాదం వస్తే సాక్ష్యం ఆ అంకెలే.

ఢిల్లీలో చాందినీ చౌక్‌లోని కూచా చౌధరి కెమెరా బజారుకు వెళ్లాను. స్థిరత్వం, తేలిక, చవక మూడూ ఒకచోట దొరకవు. కార్బన్ ఫైబర్ నా స్థోమతకు మించింది. అందుకే తేలికను వదులుకుని అల్యూమినియంవైపు మొగ్గాను. ఎత్తు మీద ఆశా వదులుకున్నాను: మధ్య కడ్డీని పైకి లాగితే ముక్కాలి పీట కాస్తా ఒంటికాలి కొంగవుతుంది. కాళ్లకు మడతలు పెరిగేకొద్దీ చివరి గొట్టం సన్నబడుతుంది కనుక మూడు భాగాలది చాలు.

కెమెరా, లెన్స్ కలిపి కిలోన్నర. దానికి రెట్టింపు మోస్తాయని రాసి ఉన్నవే చూశాను. రాతను నమ్మి ఊరుకోకుండా, కాళ్లు పూర్తిగా చాపి పైనుంచి నొక్కాను, తలను మెలితిప్పాను. వణకనిదే కొన్నాను.

కడ్డీ కింద కొక్కెం ఉంది. గాలి వీస్తే సంచీ తగిలిస్తాను, ఊగకుండా నేలకు ఆనిస్తాను. రెండు సెకన్ల టైమర్ పెడితే రిమోట్ ఖర్చూ తప్పుతుంది. బస్సు దిగి నడిచేటప్పుడు ఆ బరువు భుజానికి తెలుస్తూనే ఉంటుంది. గోడ మీది అంకెలు చదవగలిగినంత కాలం అది నాకు సమ్మతమే.