ఇంజన్ ఎటు తిరుగుతుంది?

క్రాంక్ పుల్లీ బోల్టును తిట్టని మెకానిక్ ఉండడు. నేనూ చాలాకాలం తిట్టాను. అది అంత గట్టిగా ఎందుకు ఉండాలో అర్థమయ్యాక మానేశాను.

పిస్టన్ల బలమంతా క్రాంక్ షాఫ్ట్ దగ్గరికి వచ్చి తిరుగుడుగా మారుతుంది. ఆ షాఫ్ట్ చివర ఆల్టర్నేటర్‌నూ ఏసీనీ నడిపే పుల్లీ, దాని వెనకే టైమింగ్ బెల్టును నడిపే పళ్ల చక్రం ఉంటాయి. రెండింటినీ షాఫ్ట్‌కు అదిమిపట్టేది ఒక్కటే బోల్టు. లోపల చిన్న ఇనుప కీ కూడా ఉంటుంది గానీ, అది చక్రం ఏ స్థానంలో కూర్చోవాలో చూపడానికే. బలం మోసేది ఆ బోల్టు అదుముడు వల్ల పుట్టే రాపిడి. సిలిండర్‌లో మంట పేలిన ప్రతిసారీ షాఫ్ట్ కంటికి కనపడనంతగా మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. అప్పుడు బోల్టు సడలి ఉంటే కీ నలిగిపోతుంది, టైమింగ్ తప్పుతుంది. చాలా ఇంజన్లలో ఆ తర్వాత జరిగేది వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవడమే. ఇంజన్ మొత్తం ప్రాణం మీదికి వస్తుందన్నమాట. కాబట్టి ఆ బోల్టు మొండితనం ఇంజన్‌కు రక్షణ.

నేను మెకానిక్‌ని కాను. పాత కార్ల మీద ప్రేమతో పని నేర్చుకున్నవాణ్ని. మాది నాదర్‌గుల్. 1981లో పెట్టిన ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, శిక్షణ విమానాలు ఎగిరే మైదానం మా ఊరి గుర్తులు. మా బావగారి పాత హోండా సిటీకి టైమింగ్ బెల్టు మార్చే పని నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను. మన దేశంలో సిటీ 1998లో వచ్చింది. ఇది ఆ మొదటి తరం బండి. ఎడమ ముందు చక్రం తీస్తే రెక్క కింద పుల్లీ కనపడుతుంది, దాని నడుమ 17 నంబర్ బోల్టు.

ముందు అందరూ చేసేదే చేశాను. అయిదో గేరులో పెట్టి, మేనల్లుణ్ని బ్రేకు తొక్కి ఉంచమని, గోటీకి పొడుగు ఎక్స్‌టెన్షన్ తగిలించి గొట్టంతో నొక్కాను. గొట్టం జానెడు కిందికి దిగింది. కదిలిందని సంబరపడి వదిలితే యథాస్థానానికి వచ్చింది. కదిలింది బోల్టు కాదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ మెలితిరిగింది, డ్రైవ్ షాఫ్ట్‌లు మెలితిరిగాయి, గేర్ల సందులు సర్దుకున్నాయి. నా బలమంతా వాటిలోనే ఖర్చయిపోయింది. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా ఉంచినా లాభం లేకపోయింది. ఈ బోల్టును పట్టి ఉంచేది ప్రధానంగా తుప్పు కాదు కదా, బిగింపు. దీపం పెట్టి కాల్చమని ఒకరు సలహా ఇచ్చారు. దాని వెనకే రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది, కాలిపోతుంది. ఆ పని చేయనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఆ తర్వాత చేసినదే నా తప్పు. మారుతి బండ్ల మీద నేను చూసిన చిట్కా ఒకటుంది. గోటీ పానాకు గొట్టం తొడిగి, దాని చివరను నేలకు ఆనించి, ఇంజన్ అందుకోకుండా వైరు పీకేసి, తాళం ఒక్కసారి తిప్పి వదలడం. స్టార్టర్ షాఫ్ట్‌ను తిప్పుతుంది, పానా కదలదు, బోల్టు ఊడుతుంది. ఒకసారి నా చేతి మీద కూడా పనిచేసింది. ఆ ధీమాతో సిటీకీ అదే విధంగా, అదే వైపు గొట్టం ఆనించాను. డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది నేను. టార్చి పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నది పదిహేడేళ్ల నా మేనల్లుడు. వాణ్ని లేచి అవతలికి పొమ్మని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

గొట్టం నేలకు నొక్కుకోలేదు. పైకి లేచింది. రెక్క అంచును కొట్టి, వాడి మణికట్టుకు తగిలింది. "మామా!" అని వాడు అరిచిన అరుపు విన్నాకగానీ నేను తాళం వదలలేదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. వాపు తగ్గడానికి రోజులు పట్టింది. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉంటారు. విషయం తెలిసి వచ్చి, బండి పక్కన కూర్చుని ఒకటే అడిగారు: "బిడ్డా, గీ ఇంజన్ ఎటు తిరుగుతది?"

నా దగ్గర జవాబు లేదు. గడియారం ముల్లు తిరిగే వైపే కదా అన్నాను. చాలా ఇంజన్లు, పుల్లీ వైపు నుంచి చూస్తే, అలాగే తిరుగుతాయి. కానీ ఆ కాలపు హోండా ఇంజన్లు ఎక్కువగా దానికి ఎదురు తిరుగుతాయి. 2003లో వచ్చిన రెండో తరం సిటీ నుంచి ఆ పద్ధతి మారింది. బోల్టు మరలు మాత్రం మామూలు కుడి మరలే. అందువల్ల మారుతిలో స్టార్టర్ తిప్పితే బోల్టు వదులవుతుంది, మా బండిలో ఇంకా బిగుస్తుంది. గొట్టం పైకి లేవడం వింత కాదు. అది లేవాల్సిన వైపే లేచింది.

ఆయన మరో మాట కూడా చెప్పారు. బోల్టు తిప్పడం గురించి కాదు, షాఫ్ట్‌ను కదలకుండా పట్టుకోవడం గురించి ఆలోచించమని. ఈ హోండా పుల్లీల నడుమ 50 మిల్లీమీటర్ల ఆరు పలకల గుంట ఉంటుంది. కంపెనీ దాన్ని పెట్టింది పట్టుకోవడానికే. దానికి తగ్గ పనిముట్టు కొనవచ్చు. లేదా ఎం33 నట్టు తీసుకుంటే దాని పలకల మధ్య దూరం సరిగ్గా 50 మిల్లీమీటర్లు. వెల్డింగ్ షాపులో ఒక మందపాటి ఇనుప పట్టీకి రంధ్రం కొట్టించి, ఆ నట్టును దానికి అతికించమన్నాను. నట్టు బొక్కలోంచి 17 నంబర్ గోటీ లోపలికి వెళ్తుంది.

ఇక లెక్క చూడండి. ఒక బోల్టును 180 న్యూటన్ మీటర్లకు బిగించారనుకుందాం. ఏళ్లు గడిచాక ఊడడానికి దానికి రెట్టింపు అడిగితే, 30 సెంటీమీటర్ల పిడి చివర 120 కిలోల పైచిలుకు బరువు వేయాలి. మీటరు గొట్టం తొడిగితే 37 కిలోలు చాలు. షాఫ్ట్ కదలకపోతే ఇంట్లో ఎవరైనా వేయగల బరువే అది. పట్టీ చివరను బండి ముందువైపు నేల మీద చెక్కదిమ్మకు ఆనించాను. గోటీ వాలకుండా ఎక్స్‌టెన్షన్ కింద స్టాండు పెట్టాను. ఎక్స్‌టెన్షన్ కూడా ఈసారి మందపాటిదే. గొట్టాన్ని వెనకవైపు నుంచి పైకి ఎత్తాను. టప్పున పెద్ద చప్పుడైంది, బోల్టు వదిలింది. షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను, పిల్లలెవరినీ రానివ్వలేదు.

టైర్ల షాపులో ఉండే గాలి గన్నుతో ఇది సులువు కదా అంటారు. నిజమే, గాలి ఒత్తిడి 6 బార్ వరకు నిలకడగా ఉండి, గాలి వచ్చే గొట్టం సన్నగా లేకపోతే క్షణంలో ఊడుతుంది. ఊడదీయడానికి గన్ను మంచిదే. అదే గన్నుతో తిరిగి బిగించడం మాత్రం నేను ఒప్పుకోను. చెయ్యి ఎంత అనుభవం గలదైనా 180కీ 250కీ తేడా చెప్పలేదు. ఎక్కువైతే బోల్టు సాగిపోతుంది, తక్కువైతే పైన చెప్పిన కీ కథ మొదలవుతుంది. విమానాల పనిలో టార్క్ రెంచి లేకుండా బిగించడం కుదరదని ఆయన అన్నప్పుడు, కార్లకు మాత్రం ఎందుకు కుదరాలి అనిపించింది. ఆయన రెంచి అరువు తెచ్చుకుని, మాన్యువల్‌లో చెప్పిన కొలతకే బిగించాను. కొన్ని ఇంజన్లలో టార్క్ తర్వాత ఇంకొంత కోణం తిప్పమంటారు. అలాంటి బోల్టులను చాలా కంపెనీలు రెండోసారి వాడనివ్వవు, కొత్తది కొనాల్సిందే. కొన్నింటికి ఎడమ మరలు (ఉల్టా చూడీ) ఉంటాయి. మాన్యువల్ చూడకుండా గొట్టం తొడిగితే వాటిని మనమే విరగ్గొడతాం.

స్టార్టర్ చిట్కాను నేను ఇప్పుడు మారుతి మీద కూడా వాడను, ఎవరికీ చెప్పను. ఆ గొట్టం ఎటు జారుతుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇది చదివేవారికి ఒక మనవి. మీ పాత కారుకు టైమింగ్ బెల్టు మార్పించే రోజున, బేరం మాట్లాడేముందు ఆ షాపులో టార్క్ రెంచి ఉందో లేదో అడగండి. లేదంటే మరో షాపుకు వెళ్లండి. పక్కన పిల్లలు టార్చి పట్టుకుని కూర్చుంటే, ముందు వాళ్లను అవతలికి పంపించండి.