ఆగే వంట, ఆగని వంట

వంటల పుస్తకాలకు విషయసూచిక తయారుచేసేవాళ్లు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడి ఉండరని నా అనుమానం. తీపి ఒకచోట, కారం ఒకచోట, కూరలు, పులుసులు, పచ్చళ్లు అన్నీ వరసగా ఉంటాయి. ఇవతల మూకుట్లో నూనె కాగుతూ, అవతల హాల్లోంచి బావగారి నవ్వులు వినబడుతుంటే నాక్కావలసిన విభజన అది కాదు. ఏ వంట ఆగుతుంది, ఏది ఆగదు? అంతే.

మా ఇంట్లో ఉన్నది మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారావిడ. ‘హృదయనేత్రి’ నవలకు సాహిత్య అకాడమీ అవార్డు కూడా అందుకున్నారు. అయినా కొత్తగా కాపురం పెట్టిన ఎందరో అమ్మాయిలకు ఆవిడ ముందు వంటల పుస్తకంతోనే పరిచయం. మా ప్రతి నిండా నెయ్యి మరకలే. చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రెండు వరసలు గీసుకున్నాను: ఆగేవి, ఆగనివి.

ఆగేవాటిలో మొదటి పేరు అరిసె. కొత్త బియ్యం ముందురోజే నానబోసి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించుకోవాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండకట్టాలి. చలికాలంలో పాకం దించీ దించగానే బిగుసుకోవడం మొదలెడుతుంది, అందుకే పిండి, నెయ్యి, నువ్వులు చేతికందేలా పెట్టుకున్నాకే బెల్లం పొయ్యెక్కించాలి. ఆ హడావుడంతా భోగికి ముందే ముగిసిపోతుంది. వేయించి, చెక్కల మధ్య నూనె వత్తి డబ్బాకెత్తామంటే చుట్టాలొచ్చేసరికి మన చేతులు ఖాళీ.

తెలంగాణలో సకినాలది ఇంకో తెలివి. అవి చుట్టాల కోసం చేసేవి కావు, చుట్టాలతో కలిసి చేసేవి. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద చేత్తో చుట్లు చుట్టుకుంటూ పోవాలి. ఒక్కరితో అయ్యే పని కాదు గనక వాడకట్టు ఆడవాళ్లంతా చేరతారు. ముచ్చట్లకు వేరే టైమక్కర్లేదు.

భోజనంలోకి మాత్రం నా ఓటు ఉలవచారుకే. రాత్రంతా నానిన ఉలవలు మెత్తగా ఉడకాలి. ఆ కట్టు వంచుకుని, చింతపండు రసం పోసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా మరగనివ్వాలి. మధ్యాహ్నమంతా దానిపాటికది మరుగుతుంటే మనం అత్తయ్య పక్కన కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ వినొచ్చు. మర్నాటికి రుచి ఇంకా పెరుగుతుంది. వేడన్నంలో పోసి పైన మీగడ వేస్తే చాలు. ఉలవలు వేడి చేస్తాయంటారు పెద్దవాళ్లు. హైదరాబాదులో జనవరి తెల్లవారుజామున 14, 15 డిగ్రీలకు దిగుతుంది, చేస్తే చెయ్యనీ!

ఇక ఆగనిది గారె. కనుమ నాడు మినుము తినాలంటారు. కోస్తాలో నాటుకోడి పులుసు తోడుంటే ఇక చెప్పేదేముంది? నానిన పప్పును వీలైనంత తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలిందంటే గారె గుల్లగా వస్తుంది. అంత కష్టపడీ చల్లారిన గారె పెడితే తినేవాళ్లకి, పెట్టేవాళ్లకి ఇద్దరికీ నష్టమే.

“నువ్వూ కూర్చోవే తల్లీ!”

“మీరు కానివ్వండి అత్తయ్యా, ఇంకో వాయి దించేసి వస్తా.”

ఆ ఇంకో వాయి ఎప్పటికీ అవదు. అందుకే మా ఇంట్లో పూటకి ఒక్కటే ఆగని వంట అని కట్టడి పెట్టుకున్నాం. గారెలున్న పూట సజ్జరొట్టెలుండవు. నువ్వులద్దిన సజ్జరొట్టె పెనం మీంచి నేరుగా కంచంలో పడాల్సిందే, కాబట్టి దానికి భోగి కేటాయించాం. “పండగపూట రెండు రకాలేనా?” అని మొహం చిట్లించేవాళ్ల ముందు అరిసెల డబ్బా మూత తీసిపెడతాను.

పులగాన్ని ఏ వరసలో రాయాలో మాత్రం తేలక రెంటిలోనూ రాశాను. పెసరపప్పు, కొత్త బియ్యం, మిరియాలు. కొత్త బియ్యం మెత్తబడుతుంది గనక నీళ్లు కాస్త తగ్గించాలి. మూతపెట్టి ఉంచితే కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత గడ్డకడుతుంది. కాసిని వేడినీళ్లు పోసి కలిపితే మళ్లీ దారికొస్తుంది. నెయ్యిని మాత్రం గిన్నెతో సహా వేడినీళ్లలో ఉంచాలి. చలికి పేరుకున్న నెయ్యి చెంచాకి అంటుకుని కూర్చుంటుంది గానీ పులగంలోకి దిగదు.