తొండ ముదిరితే... తొండే!

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు. పంజాగుట్ట అంటే ట్రాఫిక్ జామ్. కానీ ఈ రెండింటి సందుల్లో, డాబాల మీది పూలకుండీల్లో ఏటా వానాకాలం మరో కార్యక్రమం చడీచప్పుడు లేకుండా సాగిపోతుంటుంది. అదే... గుడ్లు పొదగడం!

మెట్రో ఎరుపు, నీలం లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్ మెట్లు దిగితే ముందు కనిపించేవి బోర్డులే. మైత్రీవనం చుట్టుపక్కల గోడ ఖాళీగా ఉంటే ఒట్టు. ఆ హడావుడి దాటి బల్కంపేట వైపు నడిస్తే దృశ్యం మారుతుంది. ఇక్కడి ఎల్లమ్మ తల్లి విగ్రహం నేలమట్టానికి పదడుగుల లోతున ఉంటుంది. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి జనం పోటెత్తుతారు. సరిగ్గా ఆ తొలకరి రోజుల్లోనే, చుట్టుపక్కల గల్లీల్లో ఓ ఆడ తొండ గోడ దిగి మెత్తటి మట్టి కోసం వెతుకుతుంటుంది. నేలంతా సిమెంటు అయిపోయిన చోట దానికి దొరికేది తులసి కోటో, మందారం కుండీయో!

ఊసరవెల్లి కాదు!

ఈ కాలంలో మగ తొండ మెడ, తల ఎర్రబారతాయి. అది గోడెక్కి తల పైకీ కిందికీ ఊపుతుంటే పిల్లలు 'ఊసరవెల్లి, ఊసరవెల్లి' అంటూ రాయి అందుకుంటారు. పెద్దలేమో 'తొండ ముదిరితే ఊసరవెల్లి' అని సామెత చెబుతారు. సామెత వినడానికి బాగుంటుంది కానీ, తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన జీవులు. ఊసరవెల్లికి రెండు కళ్లూ రెండు వైపులకు తిరుగుతాయి. పాదాలు పట్టకారులా కొమ్మని పట్టుకుంటాయి. నాలుక ఒంటికన్నా పొడవు సాగుతుంది. తొండకి ఇవేవీ ఉండవు. దానికున్నదల్లా పరుగే!

మన దేశంలో సహజంగా కనిపించే ఊసరవెల్లి ఒకటే జాతి. తూర్పు కనుమల అడవుల్లోనూ, పొలాల గట్ల మీది చెట్లమీదా ఉంటుంది. అమీర్‌పేటలాంటి చోట కనిపించేది దాదాపు ఎప్పుడూ తొండే.

తొమ్మిది నెలలు డబ్బాలో...

అమెరికా, ఐరోపాల్లో ఊసరవెల్లిని ఇంట్లో పెంచుకునేవాళ్లున్నారు. వాళ్లు ఎక్కువగా పెంచేది యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వెయిల్డ్ కెమీలియన్‌ని. ఇది ఒక్క ఈతలో పదుల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తగినంత లోతు, తడి ఉన్న ఇసుక దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఉండిపోయి తల్లి చనిపోయే ప్రమాదమూ ఉంది. పెట్టిన గుడ్లను తడి వర్మిక్యులైట్ నింపిన డబ్బాలో సర్ది, 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచి ఎదురుచూడాలి. ఎన్నాళ్లంటారా? ఆరు నుంచి తొమ్మిది నెలలు! కోడిగుడ్డులా రోజూ తిప్పితే అసలుకే మోసం. లోపలి పిండం గుడ్డు గోడకి అతుక్కుని ఉంటుంది. తలకిందులైతే చచ్చిపోవచ్చు.

మడగాస్కర్‌లోని లాబోర్డ్ ఊసరవెల్లిది మరీ విచిత్రం. ఎనిమిది, తొమ్మిది నెలలు గుడ్డులోనే ఉంటుంది. బయటికొచ్చాక బతికేది నాలుగైదు నెలలే. అమీర్‌పేటలో ఓ కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకునేలోగా దాని జీవితం పూర్తయిపోతుందన్నమాట.

ఇదంతా విని 'మనమూ పెంచితే' అనిపిస్తోందా... ఆగండి! మన ఊసరవెల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 రక్షణలో ఉంది. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. సరీసృపాల విషయంలో ఆ చట్టం దృష్టిలో గుడ్డు కూడా జంతువే. అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలో ఉన్న విదేశీ రకాల సంగతికొస్తే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా ఆ వివరం చెప్పాల్సిందే.

కుండీలో దొరికితే...

డబ్బా, లైటు, థర్మామీటరు ఏవీ లేకుండానే ఆ పనంతా కుండీ చేసేస్తుంది. తల్లి తొండ ముందుకాళ్లతో గుంత తవ్వి, పది నుంచి ఇరవై దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అదిమి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. తడిని పీల్చుకుని గుడ్లు రోజురోజుకీ ఉబ్బుతాయి. దాదాపు నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఆడో మగో తేల్చేది కూడా మట్టి వేడిమేనని ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో సూచించారు. ఎండపడే కుండీ, నీడన ఉన్న కుండీ... పిల్లల రాత ఏ కుండీని బట్టి మారుతుందో!

చిక్కల్లా మనం మట్టి మార్చేటప్పుడే. తెల్లగా, కోలగా, మెత్తటి తోలులాంటి పైపొరతో గుడ్లు కనిపిస్తే పాము గుడ్లనుకుని హడలిపోయి చెత్తబుట్టలో పడేస్తాం. పాము గుడ్లూ చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటాయి, నిజమే. ఆ అనుమానం ఉంటే చెయ్యి పెట్టకుండా మట్టి కప్పేసి, పాములు పట్టేవాళ్లని పిలవడమే మేలు. బల్లి గుడ్లయితే గుండ్రంగా, గట్టి పెంకుతో, సాధారణంగా రెండే ఉంటాయి.

తొండ గుడ్లేనని తెలిస్తే చేయాల్సింది చాలా తక్కువ. తిప్పొద్దు, కడగొద్దు. ఉన్నవి ఉన్నట్టే మట్టి కప్పండి. ఆ కుండీకి రెండు నెలలు సెలవివ్వండి. మట్టి ఎండిపోకుండా, బురద కాకుండా కొద్దిగా నీళ్లు చిలకరిస్తే చాలు. పుట్టిన పిల్లకి తిండి పెట్టక్కర్లేదు. ఆ రోజు నుంచే చీమల్నీ చిన్నచిన్న పురుగుల్నీ అదే వెతుక్కుంటుంది. మొక్కకి పట్టిన పురుగుల్ని ఏరే పనిమనిషి జీతం లేకుండా దొరికినట్టే!

మిగిలిన మట్టి

అక్కణ్నుంచి పంజాగుట్ట వైపు నడిస్తే ఫ్లైఓవరు, నిమ్స్ ముందు ఆటోల వరుస, ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడికి వెళ్లేవాళ్ల రద్దీ. పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పెరడు పోయి పార్కింగ్ వచ్చింది. తొండకి కావలసింది జానెడు మట్టి, దానిమీద రెండు నెలలు ఎవరూ పలుగు వేయకపోవడం. ఆ జానెడూ ఇప్పుడు మన బాల్కనీలోనే మిగిలింది.

ఈసారి గోడమీద అది తల ఊపుతూ కనిపిస్తే పిల్లల చేతిలో రాయి తీయించండి. పేరు కూడా సరిగ్గా చెప్పండి. దాన్ని ఊసరవెల్లి అనక్కర్లేదు. తొండగా బతకనిస్తే చాలు!